గడువు కాదు, హక్కు

(మనామాలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు వేదిక మీద పలకొద్దని కుటుంబం కోరింది. పలకకపోయినా ఈ హాల్లో చాలామందికి ఆయన తెలుసు. శుక్రవారం వస్తే గుదైబియాలోని ఆయన గది ముందు కాగితాల సంచులు పట్టుకుని జనం కూర్చునేవారు. వీసా క్యాన్సిల్ అయినవాళ్లు, దేశం దాటేందుకు ఔట్‌పాస్ కోసం తిరుగుతున్నవాళ్లు, జీతం చాలదని భార్యకు ఫ్యామిలీ వీసా రానివాళ్లు. ఆయన వకీలు కాదు, అరబిక్ తెలిసిన టైపిస్టు. ఏ కాగితం చేతికిచ్చినా ముందుగా చివరి తేదీ ఎక్కడుందో వెతికేవారు. మిగతా సంగతులు ఆ తర్వాతే అడిగేవారు.

ఈ సాయంత్రం నా విషయం ఆ చివరి తేదీయే. కొన్ని దేశాలు ఒక కూటమిగా ఉంటాయి. రాకపోకలు సులువవుతాయి, ఆ సులువులో పెళ్లిళ్లు జరుగుతాయి, పిల్లలు పుడతారు. ఒకనాడు ఆ కూటమి నుంచి ఒక దేశం తప్పుకుంటుంది, లేదా మిగతావాళ్లు దాన్ని దూరం పెడతారు. అప్పుడు ఆ ఇంట్లో వేరే పాస్‌పోర్టు ఉన్న మనిషి ఏమవుతారు? ప్రభుత్వాలన్నీ ఈ ప్రశ్నకు ఇచ్చిన మొదటి జవాబు ఒక గడువు. పద్నాలుగు రోజులు కావచ్చు, ఆరు నెలలు కావచ్చు, పదేళ్లు కావచ్చు. ఎంత పొడవైనదైనా గడువు ఒక దయ మాత్రమేననీ, మనిషికి కావలసింది తన పేరున ఉండే హక్కనీ నేను చెప్పదలచుకున్నాను.

పద్నాలుగు రోజులు

మనం నిలబడ్డ నేల మీద జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. గల్ఫ్ సహకార మండలి 1981లో ఏర్పడింది. బహ్రెయిన్, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, యూఏఈ అందులో సభ్యులు. ఈ ఆరు దేశాల పౌరులకు ఒకరి దేశంలో ఒకరు ఉండడానికీ, పనిచేయడానికీ, ఆస్తి కొనడానికీ క్రమంగా వీలు కలిగింది. బహ్రెయిన్, ఖతర్‌ల మధ్య అంతకు ముందు నుంచే వియ్యాలున్నాయి. ఒకే వంశాల వాళ్లు రెండు తీరాల్లోనూ ఉన్నారు.

2017 జూన్ 5న బహ్రెయిన్, సౌదీ, యూఏఈ, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. వీటిలో మూడు గల్ఫ్ దేశాలూ తమ గడ్డ మీదున్న ఖతర్ పౌరులను పద్నాలుగు రోజుల్లో వెళ్లిపొమ్మన్నాయి. ఖతర్‌లో ఉన్న తమ పౌరులనూ అదే గడువులో తిరిగి రమ్మన్నాయి. ఖతర్ మండలి నుంచి తప్పుకోలేదు, పేరుకు సభ్యదేశంగానే ఉంది. అయినా ఆ పద్నాలుగు రోజులూ ఇళ్లలో జరిగింది మాత్రం ఒక కూటమి విడిపోయినప్పుడు జరిగేదే.

బహ్రెయిన్ జాతీయత చట్టం 1963 నాటిది. దాని ప్రకారం పిల్లలకు పౌరసత్వం తండ్రి నుంచి వస్తుంది. తండ్రి ఎవరో తేలని సందర్భాల్లోనే తల్లి నుంచి వస్తుంది. ఖతర్ చట్టం కూడా తండ్రి వైపే చూస్తుంది. బహ్రెయిన్ స్త్రీ ఖతర్ పురుషుణ్ణి పెళ్లాడి మనామాలో కాపురం పెట్టిందనుకోండి. ఆమె బహ్రెయినీ, భర్త ఖతరీ, కడుపున పుట్టిన పిల్లలందరూ ఖతరీలు. జూన్ 5 సాయంత్రానికి ఆ ఇంట్లో ఉండదగిన మనిషి ఆమె ఒక్కతే. భర్తతో పోదామంటే ఖతర్‌కు వెళ్లొద్దని ఆమె దేశమే ఆజ్ఞ ఇచ్చింది.

వారం తిరగకముందే, జూన్ 11న, మిశ్రమ కుటుంబాల పరిస్థితిని మానవతాదృష్టితో పరిశీలిస్తామని మూడు ప్రభుత్వాలూ ప్రకటించి ఫోన్ నంబర్లు ఇచ్చాయి. ఆ పూట కొన్ని ఇళ్లు ఊపిరి పీల్చుకుని ఉంటాయి. కానీ ఆ ప్రకటనలో ఎవరికి మినహాయింపు దొరుకుతుందో, దొరక్కపోతే ఎవరికి మొరపెట్టుకోవాలో లేదు. ఆ సంవత్సరమే నవంబరు నుంచి ఖతర్ నుంచి వచ్చేవారికి బహ్రెయిన్ వీసా తప్పనిసరి చేసింది. ముప్పావు గంట విమాన ప్రయాణానికి జనం కువైట్ మీదుగానో, మస్కట్ మీదుగానో చుట్టు తిరిగారు.

ఈ తగువు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2018 జూన్‌లో ఖతర్ యూఏఈ మీద కేసు వేసింది. బహ్రెయిన్ అందులో ప్రతివాది కాదు. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని యూఏఈ ఉల్లంఘించిందని ఖతర్ వాదన. జూలై 23న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈ చర్యల వల్ల విడిపోయిన ఖతరీ కుటుంబాలను కలపాలని చెప్పింది. ఎనిమిది మంది ఔనంటే ఏడుగురు కాదన్న ఉత్తర్వది. తీరా 2021 ఫిబ్రవరి 4న ఆ కేసు తన పరిధిలోకి రాదని కోర్టు తేల్చింది. ఒప్పందం నిషేధించేది పుట్టుకను బట్టి వచ్చిన జాతీయ మూలం మీద వివక్షను. ఇప్పుడు చేతిలో ఉన్న పౌరసత్వాన్ని బట్టి చూపే తేడా అందులోకి రాదని పదకొండు మంది న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు.

అంతకు నెల ముందే, 2021 జనవరి 5న, అల్ ఉలాలో రాజీ కుదిరింది. బహ్రెయిన్, ఖతర్‌ల దౌత్య సంబంధాలు 2023లో గాడిన పడ్డాయి, విమానాలు మళ్లీ ఎగిరాయి. రాజులు కలుసుకున్నారు, సంతోషమే. కానీ ఇలాంటిది మళ్లీ జరిగితే ఆ ఇంటి తల్లికి చూపించుకునే కాగితం ఏదైనా కొత్తగా పుట్టిందా? అప్పుడూ మళ్లీ ఆ ఫోన్ నంబరే దిక్కు.

మనం పరాయివాళ్లమైన తేదీలు

పాత సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు ఈ ద్వీపం వ్యవహారాలు ఢిల్లీ, బొంబాయిల మీదుగా నడిచేవి. ఇక్కడి బ్రిటిష్ రాజకీయ ప్రతినిధి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ ఉద్యోగి. ఆయన కోర్టులో ఇండియన్ పీనల్ కోడ్ నడిచింది, అంగట్లో రూపాయి చెల్లింది. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చు వేసింది. బహ్రెయిన్ దినార్ వచ్చింది 1965లో. మనామా బజారులోని శ్రీనాథ్‌జీ గుడిని సింధులోని ఠట్టా నుంచి వచ్చిన వర్తకులు 1817లో కట్టుకున్నారు.

1937లో బహ్రెయిన్‌కు మొదటి జాతీయత చట్టం వచ్చింది. ఎవరు ఇక్కడివాళ్లో, ఎవరు పైవాళ్లో అప్పుడు కాగితం మీదికెక్కింది. 1947 ఏప్రిల్‌లో గల్ఫ్ బాధ్యత ఇండియా ప్రభుత్వం చేతి నుంచి లండన్‌కు మారింది. ఆగస్టులో ఠట్టా పాకిస్తాన్‌లోకి పోయింది. గుడి కట్టిన వర్తకులు మనామాలో దుకాణం తీసి కూర్చుని ఉండగానే వాళ్ల సొంతూరు ఇంకో దేశమైంది. 1968లో బహ్రెయిన్, ఖతర్, నేటి యూఏఈలోని ఏడు ఎమిరేట్లు కలిసి తొమ్మిదింటి సమాఖ్య కావాలనుకున్నాయి. కుదరలేదు. 1970లో ఐక్యరాజ్యసమితి దూత ఇక్కడి ప్రజల మనసు తెలుసుకుని వెళ్లాడు. 1971 ఆగస్టులో బహ్రెయిన్ ఒంటరిగా స్వతంత్ర దేశమైంది.

ఈ తేదీలలో ఏ ఒక్కదాన్నీ ఇక్కడి భారతీయులు నిర్ణయించలేదు. పూచీదారు మీద ఆధారపడే కఫాలా పద్ధతి ఎడారి ఆచారమని మనం అనుకుంటాం. దాని ఆధునిక రూపానికి పునాది బ్రిటిష్ పాలనలోనే పడిందని బహ్రెయినీ పరిశోధకుడు ఒమర్ అల్ షెహాబీ వాదించారు. పైనుంచి వచ్చిన ప్రతి మనిషికీ ఒక జామీనుదారు ఉండాలన్నది సామ్రాజ్యానికి అక్కరకొచ్చిన ఏర్పాటు. ఆ మనిషి భార్యకు అతడే జామీను. అంటే ఆమె బస జామీను మీద జామీను.

రంగం పోయినవాళ్లు

ఇది అరబ్బుల సంగతి మాత్రమే అనుకోకండి. తెలుగువాళ్లకు ఇదంతా ముందే జరిగింది. విశాఖపట్నం, కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి మన తాతముత్తాతలు రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలన్నారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా వాళ్లే. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. శ్రీకాకుళం మనిషి రంగం పోవడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అంతకు ఏడేళ్ల ముందే, 1930 మేలో, రేవు కూలీలైన తెలుగువాళ్ల సమ్మె మీద నుంచి రంగూన్‌లో అల్లర్లు రేగి రక్తం పారింది. 1938లో మళ్లీ అల్లర్లు. వలసల మీద జేమ్స్ బాక్స్టర్ విచారణ జరిగింది. 1941 జూలైలో రెండు ప్రభుత్వాలూ వలస ఒప్పందం ప్రకటించాయి. ఇండియా తరఫున దాన్ని కుదిర్చినవారు గిరిజాశంకర్ బాజ్‌పాయి. కూలీల రాకను ఆపారు. పర్మిట్లు, రుసుములు వచ్చాయి. ముందు నుంచీ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి నివాసాన్ని రుజువు చేసుకోవాలన్నారు. ఒక మేస్త్రీ చేతికింద ఇవాళ ఈ మిల్లు, రేపు ఆ రేవు అని బతికిన మనిషి ఏ కాగితం చూపిస్తాడు?

ఆ ఒప్పందంలో ఇంకో నిబంధన ఉంది. పర్మిట్ మీద వచ్చిన భారతీయుడు బర్మా స్త్రీతో కాపురం పెడితే పర్మిట్ పోవచ్చు. అంటే పెళ్లి హక్కు ఇవ్వలేదు సరికదా, ఉన్న అనుమతి తీసేయడానికి అదే కారణమైంది. ప్రజలను అడగకుండా చేసిన ఈ ఒప్పందాన్ని గాంధీ బాహాటంగా విమర్శించారు. అది అమలులో కుదురుకోకముందే, డిసెంబరు 23న, రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షల మంది కొండదారుల వెంట నడిచి వచ్చారు, దారిలో వేలమంది రాలిపోయారు. 1964లో దుకాణాల జాతీయీకరణ తర్వాత మరో విడత ఓడలు మద్రాసుకూ విశాఖకూ చేరాయి. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు వినే ఉంటారు. బర్మా 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచీ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం అంది. గడువును వెనక్కి జరిపితే ఎంత దూరం జరపొచ్చో ఆ సంఖ్య చెబుతుంది.

యానాంలో ఆరు నెలలు

విడిపోవడం ఎప్పుడూ ఇంత మోటుగానే జరగాలని లేదు. గోదావరి ఒడ్డున యానాం ఒకప్పుడు ఫ్రెంచి వారిది. 1954లో పాలన మారింది. 1956లో ఇండియా, ఫ్రాన్సు ఒప్పందం రాసుకున్నాయి. అది 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైంది. ఆ రోజున అక్కడి ఫ్రెంచి పౌరులు భారతీయులయ్యారు. కాదు, మేం ఫ్రెంచివాళ్లుగానే ఉంటామనేవాళ్లు ఆరు నెలల్లో రాసి ఇవ్వొచ్చు. కొందరు రాసి ఇచ్చారు. అందుకే ఇవాళ్టికీ యానాంలో ఫ్రెంచి ఎన్నికలకు ఓటు వేసే తెలుగు కుటుంబాలున్నాయి.

ఈ ఏర్పాటులో ఒక మంచి ఉంది, ఒక లోటు ఉంది. ఎంచుకునే మాట మనిషికే వదిలారు, అది మంచి. పద్దెనిమిదేళ్లు నిండని పెళ్లికాని పిల్లల జాతీయత మాత్రం తండ్రి నిర్ణయానికి కట్టేశారు. ఆరు నెలలు దాటాక మనసు మార్చుకునే దారి లేదు.

లండన్‌లో తేలిన మాట

ఇక మన కాలంలో అందరికీ తెలిసిన విడాకులు ఐరోపా సమాఖ్యతో బ్రిటన్‌వి. ఈ కథలో భారతీయుడి పేరొకటి చట్టం పుస్తకాల్లో నిలిచిపోయింది. సురీందర్ సింగ్ భారత పౌరుడు. బ్రిటిష్ యువతిని పెళ్లాడి, ఇద్దరూ జర్మనీ వెళ్లి పనిచేసి, తిరిగి బ్రిటన్ వచ్చారు. తర్వాత పెళ్లి చెదిరింది, ఆయన్ను పంపేయాలని చూశారు. ఐరోపా చట్టం కింద ఇంకో దేశంలో పనిచేసి తిరిగొచ్చిన పౌరురాలికి తన భర్తను వెంట తెచ్చుకునే హక్కు సొంత దేశంలోనూ ఉంటుందని 1992 జూలైలో ఐరోపా న్యాయస్థానం తీర్పిచ్చింది. తర్వాత ఎన్నో జంటలు ఆ దారి పట్టాయి.

2020 డిసెంబరు 31తో ఆ దారి మూసుకుపోవడం మొదలైంది. విడిపోయే ఒప్పందం ప్రకారం ఆ తేదీకి బ్రిటన్‌లో నివసిస్తున్న ఐరోపా పౌరులకూ, ఏ దేశస్థులైనా సరే వారి కుటుంబ సభ్యులకూ బస హక్కు కొనసాగుతుంది. అయితే 2021 జూన్ 30లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. డిసెంబరు 31కి ముందే బంధం ఉంటే, భార్యో భర్తో తర్వాతైనా వచ్చి చేరవచ్చు. తర్వాత పెళ్లయితే మామూలు బ్రిటిష్ నిబంధనే దిక్కు. అందులో సంపాదన పరిమితి 2012లో ఏడాదికి 18,600 పౌండ్లు. 2024 ఏప్రిల్‌లో 29,000 అయింది. హైదరాబాద్ అమ్మాయి పోర్చుగల్ పౌరుణ్ణి డిసెంబరులో చేసుకుంటే ఒక చట్టం, జనవరిలో చేసుకుంటే ఇంకో చట్టం.

నా వాదనకు గట్టి ఆధారం కూడా లండన్‌లోనే దొరికింది. అయిదేళ్లు పూర్తికానివాళ్లకు అక్కడ తాత్కాలిక హోదా ఇచ్చారు. గడువులోగా రెండోసారి దరఖాస్తు పెట్టకపోతే ఆ హోదాతోపాటు బస హక్కూ పోతుందన్నారు. పౌరుల హక్కులను కాపాడేందుకు ఆ ఒప్పందం కిందే ఏర్పడిన స్వతంత్ర సంస్థ కోర్టుకెక్కింది. 2022 డిసెంబరులో లండన్ హైకోర్టు ప్రభుత్వానిది తప్పంది. ఒప్పందం ఒకసారి ఇచ్చిన బస హక్కు రెండో కాగితం వేయలేదన్న కారణంతో ఊడిపోదని తేల్చింది. గడువు ప్రభుత్వానిది, హక్కు మనిషిది అన్న తేడాను ఇంత సూటిగా చెప్పిన తీర్పు నాకు వేరే తెలియదు. అది సాధ్యమైంది కూడా ముందే రాసుకున్న ఒప్పందం, దాన్ని కాపలా కాసే సంస్థ, అడిగితే వినే కోర్టు మూడూ ఉన్నందువల్ల. 2017లో మనామాలో ఈ మూడింటిలో ఒక్కటీ ఆ తల్లికి అందుబాటులో లేదు.

మన రెండు రాష్ట్రాలు

ఇంటి సంగతీ ఒకటి. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండైంది. పాస్‌పోర్టుల గొడవ లేదు, ఎవరినీ పొమ్మనలేదు. అయినా స్థానికత ప్రశ్న వచ్చింది. తెలంగాణ నుంచి ఆంధ్రకు మారిన కుటుంబాల పిల్లలను స్థానికులుగా లెక్కించడానికి మొదట మూడేళ్ల గడువు పెట్టారు. పెంచుతూ పెంచుతూ పదేళ్లు చేశారు. ఉద్యోగులను పంచిన కమలనాథన్ కమిటీ ముందు భార్య ఒక రాష్ట్రానికి, భర్త ఒక రాష్ట్రానికి పడిన అర్జీలు గుట్టలు పడ్డాయి. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, ఒకే భాష ఉన్న చోటే ఇలా ఉంటే సముద్రాల అవతల సంగతి చెప్పక్కర్లేదు.

ఇక్కడ, ఇప్పుడు

బహ్రెయిన్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 15 లక్షల మంది ఉన్నారు. సగానికి పైగా విదేశీయులు. వాళ్లలో పెద్ద సంఖ్య మనది. నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది కుటుంబం ఊళ్లోనే ఉండిపోతుంది. ఇష్టం లేక కాదు. ఫ్యామిలీ వీసాకు నెలకు 400 దినార్ల జీతం ఉండాలి. ఇంకో కొసన, 2022లో వచ్చిన గోల్డెన్ రెసిడెన్సీ ఉంది. అయిదేళ్లపాటు నెలకు సగటున 2,000 దినార్ల మూలవేతనం తీసుకున్నవారికి అది దొరుకుతుంది, కుటుంబానికీ నీడ దొరుకుతుంది. అంటే కాపురం చేసే హక్కు జీతం చీటీ మీద రాసి ఉంది.

వీసా దొరికినా అది భర్త పేరు చాటునే ఉంటుంది. ఉద్యోగం పోతే భార్య బసా పోతుంది. ఆయన కన్నుమూస్తే దుఃఖంలో ఉన్న మనిషి వెంటనే చివరి తేదీ లెక్కపెట్టుకోవాలి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి గల్ఫ్ వాళ్లకు పెళ్లయి వచ్చిన ఆడపిల్లల గతీ ఇంతే. తలాక్ అంటే పెళ్లితోపాటు చిరునామా కూడా పోవడం.

బహ్రెయిన్ ఏమీ చేయలేదనడం అన్యాయం. 2009లో 35వ నంబరు చట్టం విదేశీయుణ్ణి చేసుకున్న బహ్రెయిన్ స్త్రీల పిల్లలను విద్య, వైద్యం, బస రుసుముల విషయంలో పౌరులతో సమానంగా చూడమంది. అదే ఏడు కార్మికుడు యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కల్పించారు. 2017లో తెచ్చిన ఫ్లెక్సీ పర్మిట్‌తో కొందరు కార్మికులు తమకు తామే పూచీదారులయ్యారు. 2022లో దాన్ని ఎత్తేసి వేరే పద్ధతి పెట్టారు. ఒక మనిషి తన పేరున తాను ఉండొచ్చని ఈ దేశం ఒకసారి ఒప్పుకుంది. ఆ ఆలోచన పని దగ్గర ఆగిపోయింది, ఇంటి గడప దాటలేదు.

వేలు ఇటువైపూ తిప్పుకోవాలి. భారత పౌరులను పెళ్లాడిన విదేశీయులకు మన చట్టం ఓసీఐ కార్డు ఇస్తుంది. పెళ్లి నమోదై రెండేళ్లు నిలిచి ఉండాలి. విడాకులైతే కార్డు రద్దు. తల్లిదండ్రులో తాతలో పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులైతే అసలే రాదు. ఇరవై ఏళ్లు గుంటూరులో కాపురం చేసి పిల్లల్ని పెంచిన విదేశీ స్త్రీ హక్కు కూడా పెళ్లి అనే ఒక్క మేకుకే వేలాడుతోంది. అరబ్బు దేశాన్ని అడిగేముందు ఢిల్లీనీ ఇదే అడగాలి.

ఏం అడగాలి? గల్ఫ్ దేశాల మండలిని ఇంకా గట్టి సంఘంగా మార్చాలని 2011లో సౌదీ రాజు అబ్దుల్లా ప్రతిపాదించారు. బహ్రెయిన్ దాన్ని ఉత్సాహంగా బలపరిచింది. ఒమన్ వద్దంది. ఆ మాట మళ్లీ లేస్తుంది. ఏ సంఘమైనా కలిసే రోజునే విడిపోయే రోజుకు సంబంధించిన షరతు రాసుకోవాలి, ఎందుకంటే ఆ రోజున అందరూ స్నేహితులే. ఆ షరతులో మూడు మాటలుంటే చాలు. ఇన్నేళ్లు ఒక చోట బతికిన కుటుంబ సభ్యుడి బస, ఆ తర్వాత భర్త ఉద్యోగం మీదా, పెళ్లి మీదా, రెండు రాజధానుల సఖ్యత మీదా ఆధారపడకూడదు. తల్లి పౌరురాలైన చోట ఆమె పిల్లలను పొమ్మనే ఆజ్ఞ చెల్లకూడదు. మినహాయింపు దొరకనివాళ్లు ఫోన్ నంబరుకు కాదు, న్యాయమూర్తికి చెప్పుకునే వీలుండాలి. ఇవే మూడు మాటలను భారత్ తన ఓసీఐ చట్టంలోనూ, గల్ఫ్ దేశాలతో రాసుకునే ప్రతి కార్మిక ఒప్పందంలోనూ పెట్టాలి.

ఇది దొరికే దాకా చేయగలిగిందీ ఉంది. రంగం పోయినవాళ్ల దగ్గర కాగితం లేదు. మీ దగ్గర ఉండాలి. భార్యల, పిల్లల సీపీఆర్ గుర్తింపు కార్డుల కాపీలు, బడి రికార్డులు, అద్దె ఒప్పందాలు, పెళ్లి నమోదు పత్రం వాళ్ల వాళ్ల పేరున విడివిడిగా దాచండి. ఈ సభ నడిపే సంఘం వారానికి ఒక పూట అలాంటి కాగితాలు చూసే బల్ల ఒకటి వేస్తే, ఈ ఉపన్యాసం కన్నా ఆ పెద్దాయనకు అదే తగిన స్మారకం. ఆయన బతికినంత కాలం గడువులు పొడిగించే పని చేశారు, అంతకు మించి ఒక్క మనిషి చేతిలో లేదు. గడువుల అవసరం లేని చట్టం అడగడం మనందరి పని.